ఎత్తైన బండి: ఎక్కే అడుగు, దిగే అడుగు

బెంగళూరులో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఎత్తైన బండి ఇప్పుడు మామూలైపోయింది. మారతహళ్లి, బెళ్లందూరు, వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ల సెల్లార్లలో థార్‌లు, స్కార్పియోలు, ఫార్చ్యూనర్‌లు, జిమ్నీలు వరసగా నిలబడి ఉంటాయి. వారమంతా అవుటర్ రింగ్ రోడ్డు మీద నలిగినవాళ్లు శనివారం తెల్లవారుజామున నంది కొండకో, సకలేశపురం వైపో బయల్దేరతారు. పండక్కి అదే బండిలో హిందూపురం, మదనపల్లె, అనంతపురం. కొన్నది ఇంటి కుర్రాడే కావచ్చు. ఎక్కి దిగేవాళ్లలో మోకాళ్లు అరిగిన అమ్మ ఉంటుంది, షుగరుతో పాదాలు మొద్దుబారిన నాన్న ఉంటారు, ఐదో నెల దాటిన చెల్లెలు ఉంటుంది, నాలుగేళ్ల పిల్లాడు ఉంటాడు.

డ్రైవింగ్ స్కూల్లో క్లచ్చు, గేరు, రివర్సు నేర్పుతారు. ఎత్తైన బండి ఎలా ఎక్కాలో, ఎలా దిగాలో మాత్రం అక్కడ నేర్పరు. అదేం పెద్ద విద్య, అందరికీ వచ్చిందేగా అనుకుంటాం. ఇంట్లో ఎవరో ఒకరు డోరు దగ్గర కాలు మెలిపడి నెల రోజులు మంచం పట్టాకే దాని గురించి ఆలోచిస్తాం. ఆ ఆలోచనేదో ముందే చేద్దామని ఈ అధ్యాయం.

ముందు ఎత్తు సంగతి. మన జాతీయ భవన నియమావళి ప్రకారం ఇంటి మెట్టు 190 మిల్లీమీటర్లు మించకూడదు. నగరాల లో-ఫ్లోర్ బస్సులో నిలబడే అంతస్తు నేల నుంచి 400 మిల్లీమీటర్లు ఉండాలని ప్రభుత్వ ప్రమాణం. బెంగళూరులో తిరిగే బీఎంటీసీ వోల్వో ఎక్కినవాళ్లకు ఆ సుఖం తెలుసు. ఇక 2020 అక్టోబరులో అమ్మకానికి వచ్చిన మూడు డోర్ల థార్‌కి గ్రౌండ్ క్లియరెన్స్ 226 మిల్లీమీటర్లు, 2023లో వచ్చిన ఐదు డోర్ల జిమ్నీకి 210. ఈ అంకెలు చూసి కాలు ఎత్తాల్సింది అంతేనని పొరపాటు పడతారు. ఆ అంకె నేలకూ, బండి కింద అన్నిటికంటే కిందికి వేలాడే భాగానికీ మధ్య ఉన్న ఖాళీ మాత్రమే. కొండదారుల కోసం చేసిన బళ్లలో లారీకి ఉన్నట్టే బలమైన ఉక్కు ఛాసిస్ ఉంటుంది, బాడీ దాని మీద కూర్చుంటుంది. మన పాదం మోపాల్సిన అంతస్తు ఆ బాడీలో ఉంటుంది. అందుకే అడుగు ఎత్తు అడుగున్నరకు అటూ ఇటూ తేలుతుంది, కొన్ని బళ్లలో ఇంకా ఎక్కువ. ఇంటి మెట్లు రెండుమూడింటిని ఒకే అడుగులో ఎక్కడమన్నమాట. మీ బండి సంగతి తెలుసుకోవాలంటే టైలరు టేపు చాలు. చదునైన నేల మీద ఆపి, నేల నుంచి డోరు గుమ్మం దాకా ఒకసారి, నేల నుంచి సీటు అంచు దాకా మరోసారి కొలిచి రాసిపెట్టుకోండి. తర్వాత చెప్పబోయేవన్నీ ఆ రెండు అంకెల మీదే ఆధారపడతాయి.

అందరి భయమూ ఎక్కడం గురించే. నా అనుభవంలోనూ, కీళ్ల సంగతి తెలిసినవాళ్ల మాటలోనూ అసలు ప్రమాదం దిగడంలో ఉంది. ఎక్కేటప్పుడు కళ్లు అడుగును చూస్తాయి, చేతులు ముందుంటాయి, పట్టు తప్పినా వెనక్కి నేల దగ్గరే ఉంటుంది. దిగేటప్పుడు ఇవన్నీ తలకిందులు. తొడ ముందుభాగపు కండరం సాగుతూ ఒళ్లు బరువును మెల్లగా కిందికి దించాలి. వయసుతో ముందుగా బలహీనపడేవాటిలో ఆ కండరం ఒకటి. మామూలు మెట్లు దిగుతున్నప్పుడే మోకాలి మీద ఒంటి బరువుకు మూడింతలకు పైగా భారం పడుతుంది. మెట్టు ఎత్తు పెరిగేకొద్దీ ఆ భారం పెరుగుతుంది. పైగా చాలామంది సీట్లోంచి పక్కకు జారి, ఒక కాలు నేలకు తగలగానే అదే కాలి మీద ఒంటిని తిప్పుతారు. పాదం నాటుకుని ఉంటుంది, ఒళ్లు తిరుగుతుంది, మెలి మొత్తం మోకాలు భరిస్తుంది. కుర్రవాళ్లకు ఆ మెలి తెలియకపోవచ్చు. అరవై దాటినవాళ్లకు అదే మోకాలి లోపలి మృదులాస్థి చిరగడానికి, కాలు వాయడానికి దారి తీస్తుంది.

ప్రయాణం పొడుగైతే ఇంకో చిక్కు. బెంగళూరు నుంచి తిరుపతికి దాదాపు 250 కిలోమీటర్లు. మధ్యలో ఒకసారి ఆగినా రెండేసి గంటలు కాళ్లు మడిచే కూర్చుంటాం. కాళ్లు తిమ్మిరెక్కి ఉంటాయి. బీపీ మాత్రలు వాడేవాళ్లకు లేవగానే కళ్లు తిరగొచ్చు. షుగరు ముదిరినవాళ్లకు ఫుట్‌బోర్డు అంచు పాదానికి తెలియనే తెలియదు. కాబట్టి బండి ఆగిన వెంటనే డోరు తీయకండి. కూర్చున్నచోటే మడమలు ఎత్తి దించండి, వేళ్లు ముడిచి విప్పండి, రెండుమూడు సార్లు గట్టిగా ఊపిరి తీయండి. ఆ తర్వాత సీటు అంచుకు జరిగి, రెండు కాళ్లూ బయటికి పెట్టి ఒక్క క్షణం అలాగే కూర్చోండి. తల తేలికగా అనిపిస్తే దిగడం ఆపండి. గుడి ఎక్కడికీ పోదు.

ఇప్పుడు పట్టు గురించి. భారీ యంత్రాల మీద, లారీ క్యాబిన్లలో పనిచేసేవాళ్లకు ప్రపంచమంతటా నేర్పే సూత్రం ఒకటుంది: మూడు ఆనుకుని ఉండగా నాలుగోదాన్ని కదపాలి. రెండు చేతులు ఒక కాలు, లేదా రెండు కాళ్లు ఒక చేయి ఎప్పుడూ బండినో నేలనో అంటిపెట్టుకుని ఉండాలి. ఇంకోటి, దిగేటప్పుడు ముఖం బండి వైపే ఉండాలి. తాటిచెట్టు దిగే గీతకార్మికుడు చెట్టుకు వీపు పెట్టి దిగడు కదా. ఎత్తు ఎక్కువున్న బండి నుంచి దిగడమూ అంతే. ముందుకు చూస్తూ దూకితే ఆపడానికి చేతులకు ఏమీ అందదు. వెనక్కి తిరిగి దిగితే కాలు జారినా చేతులు ఆపుతాయి.

మన దేశంలో డ్రైవరు కుడివైపు కూర్చుంటాడు. అతను బయట నిలబడి బండి వైపు తిరిగితే ఇంజను అతని కుడిచేతి పక్కన ఉంటుంది. కుడిచేత్తో ముందు అద్దం పక్కనున్న స్తంభానికి బిగించిన హ్యాండిల్ పట్టుకోవాలి, ఎడమచేయి సీటు అంచు మీదో, వెనక స్తంభం మీదో ఆనించాలి. కుడికాలు ఫుట్‌బోర్డు మీద, ఎడమకాలు లోపలికి, తర్వాత కూర్చోవడం, చివర్లో కుడికాలు లోపలికి. దిగేటప్పుడు సరిగ్గా దీనికి తిరగేసి: ఒంటిని బండి వైపు తిప్పుకుని కుడికాలు ఫుట్‌బోర్డు మీదికి, ఆ తర్వాత ఎడమకాలు నేల మీదికి. ఎడమవైపు ముందు సీటువాళ్లకు ఇదంతా అద్దంలో చూసినట్టు మారిపోతుంది. ఎడమచేయి హ్యాండిల్ మీద, ఎడమకాలు ఫుట్‌బోర్డు మీద, కుడికాలు లోపలికి. చదువుతుంటే గజిబిజిగా ఉంటుంది. సెల్లార్లో బండి కదలకుండా ఉన్నప్పుడు నాలుగుసార్లు చేసి చూస్తే ఒంటికే తెలిసిపోతుంది.

పట్టుకోకూడనివి కొన్ని ఉన్నాయి, చాలామంది పట్టుకునేవి అవే. మొదటిది డోరు. డోరు బందుల మీద తిరిగే వస్తువు, మన బరువు పడగానే కదులుతుంది. బెంగళూరు చదునైన ఊరు కాదు. మల్లేశ్వరం నుంచి బసవనగుడి దాకా వీధివీధికీ వాలు ఉంటుంది. వాలులో ఆపిన బండి డోరు తనంతట తానే ఊగుతుంది. దాన్ని పట్టుకుని దిగే మనిషి దాంతోపాటే ఊగుతాడు. రెండోది సీటు బెల్టు. గట్టిగా కుదిపితేనే అది బిగుస్తుంది, మెల్లగా లాగితే సాగుతూనే వస్తుంది. దాని మీద బరువు వేస్తే వెనక్కి పడతారు. మూడోది స్టీరింగ్. తాళం పడని స్టీరింగ్ చేతిలో తిరిగిపోతుంది. ఇక గేరు రాడ్డు, హ్యాండ్‌బ్రేకు జోలికి అసలు పోకూడదు.

చేతుల్లో ఏమీ ఉండకూడదు. ఫోను, నీళ్ల సీసా, హ్యాండుబ్యాగు, ప్రసాదం కవరు, ఏదైనా సరే, ముందు సీటు మీద పెట్టి ఎక్కాలి. ముందు దిగి, తర్వాత తీసుకోవాలి. ఒక్క ఈ అలవాటు చేసుకుంటే సగం ప్రమాదం తప్పుతుంది.

ఇక పెద్దవాళ్ల సంగతి. దీని మీద కాస్త ఎక్కువసేపు ఆగుతాను. ఎందుకంటే ఎత్తైన బండి కొన్న ఇళ్లలో ఒక మార్పు ఎవరూ గమనించకుండానే వస్తుంది. ఊరి నుంచి కొడుకు దగ్గరికి వచ్చిన అమ్మ మొదటి వారం హుషారుగా బయటికి వస్తుంది. తర్వాత, "మీరెళ్లి రండి నాయనా, నాకు టీవీలో సీరియల్ ఉంది" అంటుంది. ఇంకోసారి, "ఎండగా ఉంది, నేను రాను" అంటుంది. బండి ఎక్కలేకపోతున్నానని మాత్రం చెప్పదు. కొడుకు ఇష్టపడి, అప్పు చేసి కొన్న బండిలో లోటు చెప్పడం ఆమెకు ఇష్టముండదు. నలుగురు చూస్తుండగా వెనక నుంచి ఎత్తించుకోవడం అంతకంటే ఇష్టముండదు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఈమధ్య బయటికి రావడం తగ్గించారా? ఆరోగ్యం గురించి అడిగే ముందు ఒకసారి డోరు గుమ్మం ఎత్తు చూడండి.

దీనికి విరుగుడు ఖరీదైనదేమీ కాదు. 20 నుంచి 25 సెంటీమీటర్ల ఎత్తున్న పీట ఒకటి కొనండి. వెడల్పుగా, నాలుగు కాళ్లతో, కాళ్లకు రబ్బరు తొడుగులతో, పైభాగం గరుగ్గా ఉండాలి. మడత పెట్టే ప్లాస్టిక్ పీటలు చిక్కపేట వీధుల్లోనూ, సూపర్‌మార్కెట్లలోనూ దొరుకుతాయి. ఎంత బరువు మోస్తుందో దాని మీద రాసి ఉంటుంది, చూసి కొనండి. మూడు కాళ్ల పీట, నున్నటి చెక్కపీట వద్దు. పీటకు ఒక తాడు కట్టుకుంటే అందరూ ఎక్కాక వంగకుండా లోపలికి లాగేసుకోవచ్చు. పీట వేశాక దాన్ని ఒకరు పాదంతో నొక్కి పట్టాలి. తారురోడ్డు మీద వేయొచ్చు, మెత్తటి మట్టిలో, గులకరాళ్ల మీద వేయకూడదు.

కాళ్ల వరసకు ఫిజియోథెరపిస్టులు ఒక సూత్రం చెబుతారు. ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు. బరువు ఎత్తే పనీ, బరువు దించే పనీ రెండూ మంచి కాలికే దక్కాలన్నది అందులోని కిటుకు. పైన చెప్పిన కుడి ఎడమల లెక్కకు ఇది అడ్డం వస్తే దీన్నే పాటించాలి. తుంటి మార్పిడి ఆపరేషన్ అయినవాళ్లు మాత్రం సొంత ప్రయోగాలు చేయకూడదు. తుంటిని ఎంతవరకు వంచవచ్చో, ఎన్నాళ్లు జాగ్రత్త పడాలో సర్జను చెప్పినదాన్ని బట్టే ఎత్తైన బండి ఎక్కాలా వద్దా అని తేల్చుకోవాలి.

సీటు అంచు తొడ పైభాగం దాకా వచ్చే బండి అయితే ఇంకో సులువు ఉంది. పీట మీద నిలబడి, వీపు సీటు వైపు తిప్పి, తొడ వెనకభాగానికి సీటు తగిలేదాకా వెనక్కి జరిగి, ముందు కూర్చోవాలి. ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి ఒకేసారి లోపలికి తిప్పుకోవాలి. ఒంటికి మెలి ఉండదు. సీటు నడుం కంటే ఎత్తున్న బళ్లలో ఇది కుదరదు. టేపుతో కొలిచిన రెండో అంకె ఇక్కడ పనికొస్తుంది.

చీరకు వేరే జాగ్రత్త కావాలి. కుచ్చిళ్లు ఎడమచేత్తో ఎత్తి పట్టుకుంటే పట్టుకు మిగిలేది ఒక్క చేయే. అందుకని బండి దగ్గరికి రాగానే కుచ్చిళ్లను కాస్త పైకి తీసి నడుం దగ్గర దోపుకోవాలి, చెంగు చుట్టూ తిప్పి బిగించుకోవాలి. అప్పుడు రెండు చేతులూ ఖాళీ. పంచె కట్టిన తాతలు ఎగగట్టుకుంటే చాలు. ఎక్కాక చెంగు, పంచె అంచు డోరు సందులో ఉన్నాయేమో డోరు వేసే ముందు చూడాలి. హవాయి చెప్పులు, పల్చటి నున్నటి అడుగుల చెప్పులు తడి ఫుట్‌బోర్డు మీద నిలవవు. వానాకాలమైతే వెనక బెల్టున్న చెప్పులు వేయించండి.

సాయం చేసేవాళ్లు చేసే తప్పు ఏమిటంటే, పైనుంచి చేయి పట్టి లాగడం. భుజం కీలుకు అది మంచిది కాదు, పెద్దవాళ్ల తూకమూ తప్పుతుంది. కింద, పక్కగా, ఒక అడుగు వెనక నిలబడండి. మీ ముంజేయి బల్లలా చాచి పెట్టండి, వాళ్లను పట్టుకోనివ్వండి. మనం పట్టుకుంటే ఆనుకోవాలా, విడిపించుకోవాలా అన్న తికమక వాళ్లకు కలుగుతుంది. వాళ్లే పట్టుకుంటే తమ వేగంతో తాము కదులుతారు. "తొందరేం లేదవ్వా, ముందు చేతులు పెట్టుకో, కాలు తర్వాత ఎత్తుదువు" అని ఒక్క మాట చాలు. వెనక ఎవరు హారను కొట్టినా మీరు కదలకూడదు. మీ ముఖంలో కంగారు కనిపించిందంటే ఆమె కాలు తడబడుతుంది.

మూడు డోర్ల బళ్ల వెనక సీటుకు వెళ్లాలంటే ముందు సీటును ముందుకు మడిచి, ఆ సందులోంచి వంగి దూరాలి. అది పెద్దవాళ్లు, గర్భిణులు కూర్చోవాల్సిన చోటు కాదు. ఈ విషయంలో మొహమాటం అక్కర్లేదు. వాళ్లను ముందు సీట్లో కూర్చోబెట్టండి, స్నేహితుడు వెనక దూరుతాడు.

బండి ఎక్కడ ఆపామన్నది ఎలా దిగామన్నదాన్ని చాలావరకు నిర్ణయిస్తుంది. ఫుట్‌పాత్‌కు దగ్గరగా ఆపితే ఎడమవైపు దిగేవాళ్లకు ఫుట్‌పాత్ ఎత్తే ఒక మెట్టు అవుతుంది. అరడుగు కలిసొస్తుంది. వాలు వీధిలో పెద్దవాళ్లు దిగే వైపు మిట్టకు ఉండేట్టు ఆపాలి. పల్లం వైపు దిగితే అడుగు ఇంకా లోతవుతుంది, డోరు కూడా చేతికి అందకుండా పోతుంది. బెంగళూరులో రోడ్డు పక్కన మోరీలు ఉంటాయి, వాటి మీద బండలు కొన్నిచోట్ల పగిలి, కొన్నిచోట్ల లేచి ఉంటాయి. చీకట్లో దిగేముందు ఫోను లైటు నేల మీద వేసి చూడాలి. దింపేవాళ్లే ముందు దిగి, కింద నిలబడి, ఆ తర్వాత డోరు తీయాలి.

డోరు తీయడానికి కూడా ఒక పద్ధతుంది. నెదర్లాండ్స్‌లో సైకిళ్లు ఎక్కువ కాబట్టి అక్కడ డోరును దగ్గరి చేత్తో కాకుండా దూరపు చేత్తో తీయడం నేర్పుతారు. 2022 జనవరిలో బ్రిటన్ తన రోడ్డు నియమావళిలోనూ ఈ సలహాను చేర్చింది. మన లెక్కలో డ్రైవరు ఎడమచేత్తో డోరు తీయాలి, ఎడమవైపు కూర్చున్నవాళ్లు కుడిచేత్తో తీయాలి. అలా తీయబోతే ఒళ్లు తనంతట తానే వెనక్కి తిరుగుతుంది, కళ్లకు వెనకొచ్చే బండి కనిపిస్తుంది. ఎడమవైపే కదా, ఫర్వాలేదు అనుకోవద్దు. ట్రాఫిక్ ఆగితే మన ఊళ్లో డెలివరీ కుర్రాళ్లు ఎడమ సందులోంచే దూసుకొస్తారు. ఎత్తైన బండి డోరు బరువైనది, అంచు సరిగ్గా స్కూటరు మీది మనిషి ఛాతీ ఎత్తున ఉంటుంది. పొట్టకూటి కోసం పరిగెత్తే ఆ కుర్రాడి ప్రాణం మన ఒక్క చూపు మీద ఉంది. కుడివైపు వెనక సీట్లో ఉన్నవాళ్లు రోడ్డు మీదికి దిగకుండా జరుగుతూ ఎడమవైపే దిగాలి.

పిల్లల గురించి రెండు మాటలు. వెనక డోర్ల చైల్డ్ లాక్ వేసి ఉంచండి. చంటిబిడ్డను ఎత్తుకుని ఎవరూ ఎక్కకూడదు, దిగకూడదు. ముందు తల్లి కూర్చుని బెల్టు పెట్టుకుంటే, బిడ్డ సీటును ఇంకొకరు బిగించాలి. పిల్లలు ఫుట్‌బోర్డు నుంచి దూకడం ఆటగా మొదలుపెడతారు, అది మొదటి రోజే ఆపించాలి. కదులుతున్న బండి ఫుట్‌బోర్డు మీద నిలబడడం పెద్దవాళ్లకు కూడా నేరం. 1988 మోటారు వాహనాల చట్టంలోని 123వ సెక్షన్ మనిషిని ఫుట్‌బోర్డు మీద తీసుకెళ్లడాన్ని నిషేధించింది. కొండదారిలో వీడియో కోసం అలా వేలాడే స్నేహితుడిని ఎక్కించుకున్న డ్రైవరుదీ తప్పే.

రోడ్డు వదిలి మట్టిదారి పట్టాక లెక్క మారుతుంది. మడికేరి దగ్గరి మాందల్‌పట్టికి, చిక్కమగళూరు దగ్గరి ఝరి జలపాతానికి అద్దె జీపుల్లో వెళ్లినవాళ్లకు ఆ దారులు తెలుసు. బండి ఒక పక్కకు ఒరిగి ఆగితే ఎప్పుడూ మిట్ట వైపే దిగాలి. పల్లం వైపు దిగినవాళ్ల మీదికి బండి ఇంకా ఒరగొచ్చు. దిగేముందు ఇంజను ఆపి, గేరులో ఉంచి, హ్యాండ్‌బ్రేకు లాగాలి. మొదట దిగినవాళ్లు వీలైతే చక్రానికి రాయి పెట్టాలి. ఒక్కొక్కరుగా దిగాలి, అందరూ ఒకేసారి కదిలితే బరువు ఒక్కసారిగా మారుతుంది. బండి పల్టీ కొట్టబోతోందని అనిపించినప్పుడు దూకాలన్న ఆత్రం సహజం. దూకినవాళ్లు బండి కిందే పడే ప్రమాదం ఉంది. బెల్టు పెట్టుకుని, చేతులు లోపల ఉంచుకుని సీటుకు అంటుకుపోవడమే క్షేమం. తాడుతో లాగుతున్న బండిలోంచి దిగకూడదు, ఆ తాడు దగ్గర నిలబడకూడదు. ఎర్రమట్టి అంటిన బూట్లు ఫుట్‌బోర్డు అంచుకు రాసి, మట్టి రాల్చి ఎక్కితే జారడం తగ్గుతుంది. ఆ మట్టిని మళ్లీ ఎవరో తొక్కకముందే తుడిచేయాలి.

నీళ్ల విషయం మాత్రం ప్రాణాలకు సంబంధించినది. బెంగళూరుకు ఇది కొత్త కాదు. 2022 సెప్టెంబరు మొదటి వారంలో కురిసిన వానకు సర్జాపుర రోడ్డు, బెళ్లందూరు, యెమలూరు ప్రాంతాలు మునిగిపోయాయి. ల్యాప్‌టాప్ బ్యాగులు భుజానికి వేసుకున్న ఉద్యోగులు ట్రాక్టరు ట్రాలీలెక్కి ఆఫీసులకు వెళ్లిన దృశ్యాలు దేశమంతా చూసింది. ట్రాక్టరు ఎప్పుడూ ఎక్కనివాళ్లు చక్రం మీద కాలు పెట్టో, ఇంజనుకూ ట్రాలీకీ మధ్యనున్న కొక్కెం మీద అడుగేసో ఎక్కుతారు. రెండూ ప్రాణం తీసేవే. బండి పూర్తిగా ఆగాక, ట్రాలీ వెనక వైపు నుంచి, లోపల ఒకరి చేయి, కింద ఒకరి భుజం అందుకుని ఎక్కాలి. మళ్లీ అలాంటి వాన రాదని ఎవరూ చెప్పలేరు కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

2023 మే 21న కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో నిలిచిన వాననీళ్లలోకి ఒక కారు వెళ్లింది. అందులో ఉన్నది ఊరు చూడ్డానికి బయల్దేరిన మన తెలుగు కుటుంబమే. మిగతావాళ్లను బయటికి తీయగలిగారు, ఒక యువతి ప్రాణం పోయింది. ఆ దుఃఖం నుంచి మనం నేర్చుకోవాల్సింది ఉంది. కారు ఆగిపోయిన మొదటి నిమిషమే దిగడానికి అనువైన సమయం. డోరు వెడల్పు ఒక మీటరనుకుంటే, బయట గుమ్మం పైన అర మీటరు నీళ్లు నిలిచేసరికి ఆ డోరు మీద దాదాపు 125 కిలోల బరువుతో సమానమైన ఒత్తిడి పడుతుంది. దాన్ని తోసి తెరవడం చాలా కష్టం. కాబట్టి డోరుతో పోరాడకుండా ముందు అద్దాలు దించాలి. కరెంటు అద్దాలు సాధారణంగా నీళ్లు తగిలాక కూడా కాసేపు పనిచేస్తాయి, ఆ కాసేపే మనకున్న గడువు. బెల్టులు విప్పి, మొదట పిల్లలను కిటికీలోంచి పైకి పంపి, తర్వాత పెద్దవాళ్లు బయటపడాలి. సామాను వదిలేయాలి.

ఎత్తైన బండి ఉన్నవాళ్లకు ఇక్కడ ఒక భ్రమ ఉంటుంది. థార్ 650 మిల్లీమీటర్ల నీళ్లలో నడుస్తుందని కంపెనీ చెబుతుంది. ఆ మాట బండి యంత్రానికి సంబంధించినది, అదీ నిలకడగా ఉన్న నీళ్లలో, మెల్లగా వెళ్తేనే. పారే నీళ్లలో రెండడుగుల లోతు చాలు పెద్ద ఎస్‌యూవీ కూడా కొట్టుకుపోవడానికి. అరడుగు ప్రవాహం నిలబడిన మనిషిని పడగొట్టగలదు. అండర్‌పాస్‌లో నీళ్లు కనిపిస్తే వెనక్కి తిప్పుకోవడం తప్ప మరో ఆలోచన పెట్టుకోకండి. తప్పనిసరై నీళ్లలోకి దిగాల్సి వస్తే బండిని ఒక చేత్తో పట్టుకునే, కాలితో నేల తడిమి అడుగు వేయండి. మూత లేచిపోయిన మ్యాన్‌హోల్ బురద నీళ్ల కింద కనిపించదు.

ఫుట్‌బోర్డు పెట్టించాలా వద్దా అని చాలామంది అడుగుతారు. కొండరాళ్ల మీద నడిపేవాళ్లు అది రాళ్లకు తగులుతుందని తీయించేస్తారు. నిజమే, తగులుతుంది. కానీ మీ బండి ఏడాదిలో ఎన్ని రోజులు రాళ్లెక్కుతుంది, ఎన్ని రోజులు అమ్మను గుడికి తీసుకెళ్తుంది అన్నది లెక్కేసుకోండి. బెంగళూరులో ఉండే కుటుంబానికి ఫుట్‌బోర్డు కావాలన్నది నా అభిప్రాయం. పాదం మొత్తం ఆనేంత వెడల్పు ఉండాలి, పైన రబ్బరు గాట్లు ఉండాలి, ఛాసిస్‌కు బిగించాలి. మనిషి నిలబడితే ఊగే అలంకారపు పట్టీలు ఉన్నా లేనట్టే. బండిని ఇంకా ఎత్తు లేపించడం, పెద్ద టైర్లు వేయించడం గురించి ఒక మాట. కంపెనీ ఇచ్చిన నిర్దేశాలకు భిన్నంగా బండిని మార్చడానికి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒప్పుకోదు, 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే చెప్పింది. చట్టం సంగతి అలా ఉంచినా, మీరు లేపించే ప్రతి అంగుళమూ ఎక్కేవాళ్ల మోకాళ్ల మీదే పడుతుంది.

మీరింకా బండి కొనలేదా? అయితే షోరూముకు వెళ్లే రోజు ఇంట్లో అందరికంటే పెద్దవాళ్లను, అందరికంటే పొట్టివాళ్లను వెంట తీసుకెళ్లండి. మైలేజీ, టార్క్, సన్‌రూఫ్ గురించి అడిగే ముందు వాళ్లచేత ముందు సీటూ వెనక సీటూ రెండుసార్లు ఎక్కించి దింపించండి. హ్యాండిల్ వాళ్ల చేతికి అందుతోందా, డోరు పూర్తిగా తెరిచాక బాగా ముందుకు వంగకుండా మూస్తున్నారా, పాదం ఎక్కడ పెట్టాలో చెప్పకుండానే తెలుస్తోందా అన్నవి చూడండి. సేల్స్ కుర్రాడు తొందరపెట్టినా ఆగండి. వాళ్లు ఇబ్బంది పడితే ఇంకో బండి చూడండి.